ఎగిరే పాత యుద్ధవిమానాలు: బ్రిటన్ ఆకాశంలో భారత జ్ఞాపకాలు, భిలాయ్‌లో ఎదురుచూపులు

ఛత్తీస్‌గఢ్ ఏర్పడి పాతికేళ్లు నిండిన సందర్భంగా 2025 నవంబరు 5న నవ రాయ్‌పూర్‌లోని సేంధ్ జలాశయంపై భారత వైమానిక దళానికి చెందిన సూర్యకిరణ్ బృందం విన్యాసాలు ప్రదర్శించింది. పక్కనే ఉన్న ఉక్కునగరం భిలాయ్‌లోని విమానాభిమానులకు అది సొంత గడ్డమీద దక్కిన అరుదైన అవకాశం. ఆ బృందం నడిపే హాక్ శిక్షణ విమానానికి రూపకల్పన జరిగింది బ్రిటన్‌లో. దానిని భారత్‌లో తయారుచేసింది హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్ (హెచ్‌ఏఎల్). బ్రిటన్ వైమానిక దళానికి పేరు తెచ్చిన రెడ్ యారోస్ బృందం నడిపేది కూడా హాక్ కుటుంబానికి చెందిన విమానాలనే.

ఆధునిక జెట్ల విన్యాసాలు ఎంత ఆకట్టుకున్నా, అభిమానుల్లో ఒక వర్గం ప్రత్యేకంగా ఎదురుచూసేది పాతకాలపు యుద్ధవిమానాల కోసం. స్పిట్‌ఫైర్, హరికేన్, డకోటా, టెంపెస్ట్ వంటి పేర్లు వినగానే వారి దృష్టి బ్రిటన్ వైపు మళ్లుతుంది. ఏటా వసంతం నుంచి శరదృతువు దాకా అక్కడ జరిగే ప్రదర్శనల్లో ఎనభై ఏళ్లు దాటిన విమానాలు కూడా గాలిలోకి లేస్తాయి. వాటిలో కొన్ని ఒకప్పుడు భారత వైమానిక దళంలో పనిచేసినవేనన్న సంగతి ఎక్కువమందికి తెలియదు. మరికొన్నింటి చరిత్రలో హైదరాబాద్, మద్రాసు పేర్లు ఉన్నాయి.

ఆ విమానాలు ఎలా మిగిలాయి, వాటిని ఎగిరే స్థితిలో ఉంచడానికి ఏం కావాలి, భారత్‌లో అలాంటివి ఎన్ని ఉన్నాయి అనే ప్రశ్నలకు ఇటీవల ప్రాధాన్యం పెరిగింది. మిగ్-21 సేవల నుంచి వైదొలగడమే అందుకు కారణం.

ఏమిటీ ఎదురుచూపు?

మ్యూజియంలో నిలిపి ఉంచిన విమానాన్ని ఏ రోజైనా చూడవచ్చు. ఎగిరే పాత విమానం విషయం వేరు. దానిని ప్రదర్శన జాబితాలో చేర్చినంత మాత్రాన అది వస్తుందన్న హామీ లేదు. ఎదురుగాలి, పక్కగాలి, వర్షం, ఇంజిన్‌లో చిన్న లోపం, అర్హుడైన పైలట్ అందుబాటులో లేకపోవడం, వీటిలో ఏ ఒక్కటైనా ఆ రోజు కార్యక్రమాన్ని రద్దు చేయగలదు. అందుకే అభిమానులు నెలల ముందే జాబితాలు చూసుకుంటారు, ప్రదర్శన రోజు ఉదయం దాకా వాతావరణ సూచనలను గమనిస్తారు.

ఈ సంప్రదాయానికి బ్రిటన్‌లో కొన్ని ప్రధాన కేంద్రాలు ఉన్నాయి. కేంబ్రిడ్జ్ సమీపంలోని డక్స్‌ఫర్డ్ విమానక్షేత్రం ఇంపీరియల్ వార్ మ్యూజియం నిర్వహణలో ఉంది. బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని ఓల్డ్ వార్డెన్‌లో షటిల్‌వర్త్ సేకరణ ఉంది. 1909 నాటి బ్లేరియో విమానాన్ని అక్కడ ఇప్పటికీ ఎగిరే స్థితిలో కాపాడుతున్నారు. గాలి నిమ్మళించిన సాయంత్రాల్లో అది రన్‌వేపై కాస్త ఎత్తుకు లేచి తిరిగి దిగుతుంది. ఫెయిర్‌ఫర్డ్‌లో జరిగే రాయల్ ఇంటర్నేషనల్ ఎయిర్ టాటూకు అనేక దేశాల వైమానిక దళాలు వస్తాయి.

బ్రిటన్ వైమానిక దళం 1957లో నెలకొల్పిన బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ మెమోరియల్ ఫ్లైట్ స్పిట్‌ఫైర్, హరికేన్, లాంకాస్టర్, డకోటా విమానాలను నిర్వహిస్తోంది. ప్రపంచం మొత్తంలో ఎగరగలిగిన లాంకాస్టర్ బాంబర్లు రెండే మిగిలాయి. ఒకటి ఈ విభాగంలో, మరొకటి కెనడాలో ఉన్నాయి.

హైదరాబాద్, మద్రాసు పేర్లు అక్కడ ఎందుకున్నాయి?

తెలుగువారికి ఈ చరిత్రతో ఉన్న సంబంధం మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన నిధులతో బ్రిటన్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లు సమకూరాయి. ఆ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు పెట్టారు. అవి నిజాం కానుక అని తెలిపే అక్షరాలు విమానాలపై రాయించారు. వాటిలో ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబరులో జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో కొంతకాలం ఉండి, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పోలండ్ చేరింది. 1977లో బ్రిటన్‌కు తిరిగివచ్చి, ఇప్పుడు రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం సేకరణలో భాగంగా ఉంది.

రెండవ ప్రపంచ యుద్ధంలోనూ ఇదే జరిగింది. 1940లో బ్రిటన్ గగనతల పోరులో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్ పేరు ‘హైదరాబాద్’. ఆ స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా కనిపిస్తుంది. హరికేన్లు నడిపిన 253వ స్క్వాడ్రన్‌కు ‘హైదరాబాద్ స్టేట్’ అని పేరు. డిఫయంట్ విమానాలతో పోరాడిన 264వ స్క్వాడ్రన్ ‘మద్రాస్ ప్రెసిడెన్సీ’ పేరుతో ప్రసిద్ధి చెందింది. అప్పటి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోనివే.

తుక్కు కాకుండా మిగిలినవి

యుద్ధం ముగిశాక బ్రిటన్, అమెరికాలలో వేలాది విమానాలను ముక్కలు చేసి కరిగించారు. అల్యూమినియానికి గిరాకీ ఉండడంతో విమానాల తుక్కు తేలిగ్గా అమ్ముడుపోయింది. భారత్‌లో పరిస్థితి భిన్నం. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశం ఉన్న విమానాలనే వీలైనంత కాలం వాడుకోవలసి వచ్చింది. సేవ నుంచి తప్పించిన తర్వాత కూడా కొన్నింటిని శత్రువును ఏమార్చే డమ్మీలుగా విమానక్షేత్రాల్లో నిలిపారు. మరికొన్నింటిని సాంకేతిక విద్యార్థులకు పాఠాలు చెప్పడానికి ఉంచారు. ఆ అవసరమే వాటిని కొలిమి నుంచి కాపాడింది.

లిబరేటర్ బాంబర్ల కథ ఇందుకు మంచి ఉదాహరణ. యుద్ధానంతరం బ్రిటన్ దళాలు కాన్పూర్‌లో వదిలేసిన ఆ నాలుగు ఇంజిన్ల విమానాలను మళ్లీ వాడకుండా ఉద్దేశపూర్వకంగా దెబ్బతీశాయి. వాటిని హెచ్‌ఏఎల్ బెంగళూరుకు చేర్చి బాగుచేసింది. భారత వైమానిక దళం 1968 దాకా వాటిని నడిపింది. అంతకాలం లిబరేటర్లు నడిపిన వైమానిక దళాలు మరెక్కడా లేకపోవడంతో ప్రపంచ మ్యూజియంలు భారత్ వైపు చూశాయి. 1974లో ఒక లిబరేటర్ భారత్ నుంచి ఎగురుతూ బ్రిటన్ మ్యూజియానికి చేరింది. మరొకటి బ్రిటన్ మీదుగా అమెరికాకు వెళ్లి, పునరుద్ధరణ తర్వాత 1989లో మళ్లీ ఆకాశంలోకి లేచింది.

1970ల చివరలో బ్రిటన్ సేకర్తలు భారత్ నుంచి అనేక స్పిట్‌ఫైర్లను కొనుగోలు చేశారు. బెంగళూరులో విద్యార్థుల శిక్షణకు వాడిన ఎంవీ293 అనే స్పిట్‌ఫైర్ వాటిలో ఒకటి. 1992లో అది మళ్లీ ఎగిరింది. డక్స్‌ఫర్డ్ ప్రదర్శనల్లో ఏళ్ల తరబడి పాల్గొంది.

ఇటీవలి ఉదాహరణ టెంపెస్ట్-2. 1947-48 కశ్మీర్ యుద్ధంలో భారత వైమానిక దళం ఈ రకాన్ని వినియోగించింది. భారత్‌లో హెచ్‌ఏ586 సంఖ్యతో పనిచేసిన ఒక టెంపెస్ట్ సుదీర్ఘ పునరుద్ధరణ తర్వాత 2023 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని సైవెల్ నుంచి మళ్లీ గాలిలోకి లేచింది.

వీటన్నింటికంటే ముందుతరానికి చెందినవి రాజస్థాన్‌లోని బికనీర్‌లో దొరికాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బికనీర్ సంస్థానానికి అందిన డీహెచ్-9 బాంబర్ల శకలాలు అక్కడి కోటలో ఒకప్పటి ఏనుగుల శాలలో పడి ఉండగా బ్రిటన్‌కు చెందిన పునరుద్ధరణ నిపుణుల దృష్టికి వచ్చాయి. వాటిలో ఒకటి మ్యూజియం ప్రదర్శనకు సిద్ధమైంది. మరొకటి 2019లో డక్స్‌ఫర్డ్ నుంచి ఎగిరింది.

ఉక్కునగరానికి తెలిసిన పరీక్ష

పాత విమానం ఎగరాలా వద్దా అన్నది చివరికి లోహం తేలుస్తుంది. భిలాయ్‌లో ఈ మాటకు వివరణ అక్కరలేదు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో ఇక్కడ ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకుంది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఉపాధి కోసం ఆంధ్ర ప్రాంతం నుంచి, ముఖ్యంగా ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఇక్కడే స్థిరపడ్డాయి. రైలు పట్టాలు ఈ కర్మాగారానికి ప్రధాన గుర్తింపు. పట్టా మిల్లు దాటి వెళ్లేముందు లోపల పగుళ్లు ఉన్నాయేమో అల్ట్రాసోనిక్ తరంగాలతో పరీక్షిస్తారు.

పాత విమానాలకు చేసే పరీక్షల్లోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. ఎక్కినప్పుడు, దిగినప్పుడు, మలుపు తిరిగినప్పుడు రెక్కలపై ఒత్తిడి మారుతూ ఉంటుంది. వేలసార్లు ఇలా జరిగితే కంటికి కనిపించని పగుళ్లు మొదలవుతాయి. ఇంజినీర్లు దీనినే ఫెటీగ్ అంటారు. దానికి తేమ, తుప్పు తోడైతే ప్రమాదం పెరుగుతుంది. అందుకే రెక్కల మూలదూలాలు, బిగింపు బోల్టులు, చక్రాల కాళ్లు నిర్ణీత గంటల తర్వాత విప్పి పరీక్షించాలి, అవసరమైతే కొత్తవి అమర్చాలి.

ఇక్కడే అసలు కష్టం మొదలవుతుంది. హరికేన్ రెక్కల మూలదూలాలను అధికబలం గల ఉక్కు పట్టీలను రోలింగ్ చేసి, పలుకోణాల గొట్టాలుగా మలిచి తయారుచేసేవారు. యుద్ధం తర్వాత ఆ రోలింగ్ పరికరాలు కనుమరుగయ్యాయి. హరికేన్లను తిరిగి ఎగిరించాలనుకున్న బ్రిటన్ నిపుణులు ముందుగా ఆ ఉక్కును అదే ఆకారంలో మలిచే పద్ధతిని పునఃసృష్టించవలసి వచ్చింది. విమానం మిగిలినంత మాత్రాన సరిపోదని, దానిని తయారుచేసిన పనితనం కూడా మిగలాలని ఈ అనుభవం చెబుతోంది.

ప్రమాదాలు నేర్పిన పాఠాలు

పాత విమానాలను ఎగిరించడంపై ఆందోళనలు కూడా ఉన్నాయి. 2015 ఆగస్టు 22న ఇంగ్లండ్‌లోని షోరమ్ ప్రదర్శనలో ఒక హాకర్ హంటర్ జెట్ సమీపంలోని రహదారిపై కూలింది. ఆ దుర్ఘటనలో 11 మంది మరణించారు. వారిలో ఎవరూ ప్రదర్శన స్థలం లోపల ఉన్నవారు కారు. ఆ తర్వాత అక్కడి పౌర విమానయాన సంస్థ నిబంధనలను కఠినతరం చేసింది. హంటర్ వంటి పాత జెట్లను నేలపై జరిగే ప్రదర్శనల్లో గిరికీలు కొట్టకుండా, నేరుగా సాగిపోయే విన్యాసానికే పరిమితం చేసింది.

2024 మే 25న కానింగ్స్‌బీ స్థావరం వద్ద మెమోరియల్ ఫ్లైట్‌కు చెందిన స్పిట్‌ఫైర్ కూలి దాని పైలట్ ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత అదే తరహా ఇంజిన్లున్న విమానాలను కొంతకాలం నేలపైనే ఉంచి పరిశీలించారు.

ఈ ఘటనల తర్వాత ఒక వాదన బలపడింది. అరుదైన యంత్రాన్నీ, పైలట్ ప్రాణాన్నీ పణంగా పెట్టే బదులు విమానాన్ని మ్యూజియంలో భద్రపరచడమే మేలు అని కొందరి అభిప్రాయం. ఎగరని విమానానికి మెకానిక్కులు ఉండరని, వారు లేకపోతే జ్ఞానం ఒక తరంతోనే ముగుస్తుందని రెండో పక్షం వాదిస్తుంది. ఒకే రకానికి చెందిన విమానాలు పలు ఉన్నప్పుడు కొన్నింటిని భద్రపరచి, ఒకటి రెండింటిని జాగ్రత్తగా ఎగిరించడం చాలా దేశాలు ఎంచుకున్న మధ్యేమార్గం.

భారత్‌లో ఎగిరేవి ఎన్ని?

భారత వైమానిక దళానికి తనదైన వారసత్వ విమానాల విభాగం ఉంది. బ్రిటన్‌లో పునరుద్ధరించిన టైగర్ మాత్ శిక్షణ విమానం 2012లో వైమానిక దళ దినోత్సవంలో పాల్గొంది. హార్వర్డ్ శిక్షణ విమానం కూడా ఈ విభాగంలో చేరింది.

అందరి దృష్టినీ ఆకర్షించింది మాత్రం ‘పరశురామ’ అని పేరుపెట్టిన డకోటా. అప్పటి పార్లమెంటు సభ్యుడు రాజీవ్ చంద్రశేఖర్ దానిని బ్రిటన్‌లో బాగుచేయించి వైమానిక దళానికి కానుకగా ఇచ్చారు. ఆయన తండ్రి ఎయిర్ కమొడోర్ ఎం.కె. చంద్రశేఖర్ డకోటా పైలట్. 2018 ఏప్రిల్ 17న కోవెంట్రీ నుంచి బయలుదేరిన ఆ విమానం మజిలీలు చేసుకుంటూ ఏప్రిల్ 25న జామ్‌నగర్ చేరింది. మే 4న హిండన్ స్థావరంలో దళంలో చేరింది.

ఆ విమానానికి వీపీ905 అనే సంఖ్య ఇచ్చారు. 1947 అక్టోబరు 27న సిక్కు రెజిమెంట్ సైనికులతో శ్రీనగర్‌లో దిగిన తొలి డకోటా సంఖ్య అదే. 2021 గణతంత్ర దినోత్సవంలో ఈ డకోటా రెండు ఎంఐ-17 హెలికాప్టర్ల నడుమ ఎగిరింది. 2022లో రెండు డోర్నియర్లతో కలిసి, 1971 డిసెంబరు 11న బంగ్లాదేశ్‌లోని టంగైల్ వద్ద పారాట్రూపర్లను దించిన ఘట్టాన్ని గుర్తుచేసింది. ఆ విన్యాసాలను భిలాయ్ వంటి నగరాల అభిమానులు టెలివిజన్‌లో చూసి, రేడియో వ్యాఖ్యానంలో విని సంతోషించవలసిందే.

మిగ్-21 ముందున్న ప్రశ్న

1963లో భారత వైమానిక దళంలో చేరిన మిగ్-21 విమానాలు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో చివరిసారిగా వీడ్కోలు అందుకున్నాయి. అరవై రెండేళ్ల సేవలో ఈ రకానికి చెందిన 870కి పైగా విమానాలు దళంలో పనిచేశాయి. 1971 యుద్ధంలో కీలక పాత్ర పోషించాయి. అనేక ప్రమాదాల్లో పైలట్ల ప్రాణాలు పోవడంతో విమర్శలనూ ఎదుర్కొన్నాయి.

భిలాయ్‌కు ఈ విమానంతో పరోక్ష బంధుత్వం ఉంది. ఉక్కు కర్మాగారం సోవియట్ సహకారానికి తొలినాటి గుర్తు అయితే, మిగ్ కార్యక్రమం రక్షణ రంగంలో ఆ సహకారానికి గుర్తు. మిగ్-21 విమాన భాగాలను నాసిక్‌లో కూర్చగా, ఇంజిన్లను ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సునాబెడలో హెచ్‌ఏఎల్ తయారుచేసింది. విశాఖ, విజయనగరం ప్రాంతాలకు ఆ పట్టణం దగ్గరే.

సేవ ముగించిన మిగ్‌లు దేశంలోని పలు నగరాల్లో స్తంభాలపైనా, ప్రాంగణాల్లోనూ నిలిచాయి. కనీసం ఒకటైనా ఎగిరే స్థితిలో ఉంటుందా అన్నది అభిమానులు అడిగే ప్రశ్న. ఇది తేలిక కాదు. పిస్టన్ ఇంజిన్ గల డకోటాతో పోలిస్తే ధ్వనివేగాన్ని దాటే జెట్‌కు ఖర్చు, ఇంధనం, భద్రతా జాగ్రత్తలు ఎన్నో రెట్లు ఎక్కువ. పైలట్‌ను బయటకు విసిరే సీటులోని మందుగుండుకూ కాలపరిమితి ఉంటుంది. అయినా అసాధ్యమూ కాదు. స్వీడన్‌లో డ్రాకెన్, విగ్గెన్ జెట్లను వైమానిక దళ వారసత్వ సంస్థ ఒకటి ఎగిరించి చూపుతోంది.

ఇందులో కాలం కీలకం. సునాబెడలో ఆ ఇంజిన్లు విప్పి కూర్చిన చేతులు, స్థావరాల్లో ఆ విమానాలను సంరక్షించిన సాంకేతిక సిబ్బంది ఇప్పుడు అందుబాటులో ఉన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత నిర్ణయం తీసుకుంటే, హరికేన్ దూలాల కోసం బ్రిటన్ నిపుణులు పడిన శ్రమ ఇక్కడా పడవలసి రావచ్చు.

ఎక్కడ చూడవచ్చు?

భిలాయ్, దుర్గ్ ప్రాంత తెలుగువారికి సులువుగా చేరగలిగే గమ్యం విశాఖపట్నం. 2024 సెప్టెంబరులో ప్రారంభమైన దుర్గ్-విశాఖ వందే భారత్ రైలు ఈ ప్రయాణాన్ని మరింత సులభం చేసింది. బీచ్ రోడ్డులో 2017 డిసెంబరు నుంచి టీయూ-142 నౌకాదళ విమానం మ్యూజియంగా ఉంది. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ భారీ విమానం లోపలికి వెళ్లి చూడవచ్చు. బ్రిటన్‌లో రూపొందిన సీ హారియర్ కూడా ఆ తీరంలోనే ప్రదర్శనలో ఉంది.

హైదరాబాద్ బేగంపేటలో రెండేళ్లకోసారి జరిగే వింగ్స్ ఇండియా ప్రధానంగా పౌర విమానయానానికి సంబంధించినదైనా, వైమానిక విన్యాసాలు అందులో భాగమే. బెంగళూరు యలహంకలో బేసి సంవత్సరాల్లో జరిగే ఏరో ఇండియాలో ప్రజలకు ప్రత్యేకించిన రోజులు ఉంటాయి. ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో వాపిటీ నుంచి లిబరేటర్ దాకా అనేక పాత విమానాలు ఉన్నాయి.

బ్రిటన్‌లో ఉంటున్న, లేదా అక్కడికి వెళ్లే తెలుగువారు ఉత్తర లండన్‌లోని హెండన్‌లో ఉన్న రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియాన్ని ఉచితంగా సందర్శించవచ్చు. ఎగిరే పాత విమానాల కోసం డక్స్‌ఫర్డ్, ఓల్డ్ వార్డెన్ ప్రదర్శనలకు ముందుగా టికెట్లు తీసుకోవడం మంచిది. టికెట్ కొన్నా, ఏ విమానం ఎగురుతుందన్నది మాత్రం ఆ రోజు గాలి, ఆ ఉదయం చేసిన తనిఖీ నిర్ణయిస్తాయి.